ముప్పై ఒక్కేళ్ల ఆయాసం

రామచంద్రపురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాసే భీమశంకరానికి కాయితం మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. దేవుడు ఇస్తానన్నది ఇవ్వకపోవచ్చు గానీ, ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసిన కాయితం ఇచ్చి తీరుతుందని ఆయన సిద్ధాంతం. ఎవరైనా వచ్చి, "రైటరు గారూ, మేం నోటిమాటగా అనుకున్నామండి" అంటే చాలు, కళ్లజోడు పైనుంచి చూసి, "రాసుకున్నారా, లేదా? అది చెప్పండి ముందు" అనేవాడు. ఆ చుట్టుపక్కల అన్నదమ్ములు ఎంతమందో ఆ ప్రశ్నకు తెల్లమొహాలు వేసుకుని వెళ్లారు.

అలాంటి మనిషికి భార్యగా దొరికింది భ్రమరాంబ. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ, "నా ప్రాణానికి దొరికారు మహానుభావుడు" అని మొదలుపెడితే, మళ్లీ రాత్రి మంచినీళ్ల చెంబు మంచం పక్కన పెట్టేదాకా ఆ దండకం సాగుతూనే ఉండేది. భీమశంకరం అదంతా వింటూ హాయిగా కాఫీ తాగేవాడు. ఆవిడ తిట్టకపోతే ఒంట్లో బాగోలేదేమోనని నుదురు పట్టుకుని చూసేవాడు. ఒక్కొక్క ఇంటి పద్ధతి ఒక్కోలా ఉంటుంది, మనకెందుకు!

ఒకనాటి మధ్యాహ్నం బట్టలు ఆరేసి మేడ దిగుతూ భ్రమరాంబ మెట్ల మీద కూలబడిపోయింది. ఊపిరి అందడం లేదు. కబురు తెలిసి భీమశంకరం రాస్తున్న గిఫ్టు దస్తావేజు మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చి, అంబులెన్సులో వేసుకుని కాకినాడలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చదువు ముగించి నాలుగు నెలలే అయింది. శ్రద్ధగల పిల్ల. రోగి ఏం చెబితే అది చెప్పినట్టు రాసుకోవాలని కాలేజీలో ఆమెకు నేర్పారు.

"ఆయాసం ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?" అని అడిగింది.

భ్రమరాంబ ముక్కుమీది ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు జరిపి, మొగుడి వైపు వేలు చూపించింది. "ఈయన్ని కట్టుకున్న కాడ్నించీనమ్మా. ముప్పై ఒక్కేళ్లు" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో నలభై దాటిన ఏ ఇల్లాలిని ఏ నొప్పి గురించి అడిగినా మొదట వచ్చే జవాబు ఇదే. కాసేపు ఆగితే, "అసలైతే మొన్న ఆదివారం నించండి" అని రెండో జవాబు వస్తుంది. వైద్యానికి పనికొచ్చేది ఆ రెండోది. అనుభవమున్న డాక్టర్లు మొదటిదానికి నవ్వేసి రెండోదాని కోసం ఆగుతారు. ఈ పిల్ల ఆగలేదు. "ఆయాసం: ముప్పై ఒక్క సంవత్సరాలుగా. ప్రారంభం: వివాహము" అని గుండ్రటి అక్షరాలతో కేసు షీటులో రాసేసింది. భీమశంకరం తొంగిచూసి, ఇంత మంచి దస్తూరీ ఉన్న డాక్టరును తాను చూడలేదని మెచ్చుకున్నాడు కూడా.

పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు పిలిచి చెప్పాడు. గుండెకు వెళ్లే మూడు రక్తనాళాలూ మూసుకుపోయాయి. బైపాస్ చెయ్యాలి. "పన్నెండు రోజులు మందులతో నెట్టుకురాగలనండి. ఆ తర్వాత పూచీ నాది కాదు" అన్నాడు.

భీమశంకరం గుండె జారింది గానీ వెంటనే నిలబడింది. కాయితం ఉంది గదా! రెండేళ్ల కిందట ఇద్దరి పేరునా తీసుకున్న "నిశ్చింత కుటుంబం" అనే ఆరోగ్య బీమా పాలసీ. ఆపరేషన్ ఖర్చు ఆయన షెడ్డు, ఇల్లు కలిపి అమ్మినా వచ్చేంత కాదు, అయినా ఆయనకు దిగులు లేదు. పాలసీ కాయితాలు అట్టపెట్టెలోంచి తీసి, దుమ్ము దులిపి, ఆసుపత్రిలో ఇన్సూరెన్సు వ్యవహారాలు చూసే మేరీ సుహాసిని బల్లమీద పెట్టాడు.

రెండోరోజుకి కంపెనీ జవాబు వచ్చింది. మేరీ సుహాసిని కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది.

"రిజెక్టు చేసేరండి. ముందునుంచీ ఉన్న జబ్బంట."

"ముందునుంచీనా? రెండేళ్ల కిందట ఆవిడ అన్నవరం కొండ నడిచెక్కిందమ్మా, నేనే ఎక్కలేక ఆటో ఎక్కేను."

"కేసు షీట్లో ముప్పై ఒక్కేళ్లని ఉందండి. పాలసీకి రెండేళ్లే. ఏడో నిబంధన చూడండి."

భీమశంకరం చూశాడు. "పాలసీకి పూర్వము ఏ రూపములోనైనా ఉన్న, ఉన్నట్టు తెలిసిన, తెలియకపోయినను ఉండియుండగల ఇబ్బంది గానీ, అట్టి ఇబ్బందికి దారితీసిన, దారితీయగల, లేక దారితీయకపోయినను దారిలో ఉన్న కారణము గానీ ఈ పాలసీ పరిధిలోకి రాదు." ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవడో గట్టి రైటరే రాసేడమ్మా. గాలి దూరే సందు లేదు" అన్నాడు, తన సంగతి మరిచిపోయి.

"సందు లేదంటే మీకు ఆపరేషన్ లేదండి" అంది మేరీ సుహాసిని.

అప్పుడు గుర్తొచ్చి ఆయన డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యమ్మా నీకు పుణ్యముంటుంది అని బతిమాలాడు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ కలం పట్టలేదు. కేసు షీటులో కొట్టివేత కనబడితే కంపెనీ మొత్తం కేసునే మోసం కింద జమకడుతుందని సూపరింటెండెంటు చెప్పాడట. భీమశంకరం వెనుదిరిగాడు. కొట్టివేతలున్న కాయితం చెల్లదని జీవితమంతా ఊరందరికీ చెబుతూ వచ్చింది ఆయనే.

కాకినాడ మెయిన్ రోడ్డులో, మూడో అంతస్తులో ఉంది కంపెనీ వారి శాఖ. గాజు తలుపు మీద "క్లెయిముల సహేతుకతా విభాగం" అని బంగారు అక్షరాలు. లోపల మేనేజరు పేరు సాత్విక్ మూర్తి. మెత్తటి మనిషి. ఎంత చెడ్డ కబురైనా పంచదార కలిపి చెబుతాడు. భీమశంకరానికి కుర్చీ చూపించి, చల్లటి నీళ్లు ఇప్పించి, కంపెనీ తరపున సానుభూతి ప్రకటించి, అది అందినట్టు రసీదు మీద సంతకం తీసుకున్నాడు.

"మా ఆవిడ సరదాకి అందండీ ఆ మాట" అన్నాడు భీమశంకరం.

"సరదా అన్నది పాలసీలో నిర్వచించబడలేదు సర్. నిర్వచించబడని దాన్ని కంపెనీ పరిగణనలోకి తీసుకోజాలదు."

"మరి 'ఇబ్బంది' అంటే ఏంటో నిర్వచించేరాండి?"

"లేదు సర్. నిర్వచిస్తే కొన్నిటికే వర్తిస్తుంది. నిర్వచించలేదు గనక అన్నిటికీ వర్తిస్తుంది."

భీమశంకరం ఇందులో తప్పెక్కడుందో పట్టుకోబోయాడు గానీ, ఈలోగా సాత్విక్ మూర్తి ఫైలు తెరిచాడు.

"కంపెనీ మీకు పూర్తి స్వేచ్ఛ ఇస్తోంది సర్. శ్రీమతి గారి వాంగ్మూలం నిజమైతే అది ముందునుంచీ ఉన్న జబ్బు, క్లెయిము రాదు. అబద్ధమైతే చికిత్స సమయంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు, పాలసీయే రద్దవుతుంది. రెండింట్లో మీకు ఏది సౌకర్యమో సెలవివ్వండి."

"మూడోది లేదాండి బాబూ?"

"ఎందుకు లేదు సర్! నమూనా ఇరవై రెండు, పరిహాస నిర్ధారణ పత్రం. పరిహాసమాడిన తేదీ, స్థలం, ఆ సమయంలో నవ్విన వారి సంఖ్య నింపి, నవ్విన ఇద్దరిచేత సాక్షి సంతకాలు చేయించి సమర్పించండి."

భీమశంకరం కాయితం అందుకుని, జేబులోంచి కలం తీసి, ఆగిపోయాడు. "అప్పుడెవరం నవ్వలేదండి. ఆవిడకి ఊపిరాడ్డం లేదు. నేను వణికిపోతున్నాను. డాక్టరమ్మ రాసుకుంటంది."

సాత్విక్ మూర్తి విచారంగా తల ఊపాడు. "అయితే అది పరిహాసంగా పూర్తికాలేదు సర్. ప్రయత్నదశలోనే నిలిచిపోయింది. ప్రయత్నాలకు నమూనా లేదు."

అయినా కంపెనీ దయగలది. ఏకపక్షంగా నిర్ణయించారన్న మాట రాకూడదని, క్షేత్రస్థాయి విచారణకు ఒక అధికారిని రామచంద్రపురం పంపింది. మెడలో టై, చేతిలో ట్యాబుతో ఆ అధికారి భీమశంకరం వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. మన భ్రమరాంబ గారికి మేలు జరుగుతుందనుకుని వీధి వీధంతా పోటీలు పడి సాక్ష్యం చెప్పింది. అందులో పక్కింటి నూకరత్నం అందరికన్నా ముందుంది.

"ఆవిడ మాటే అంతండి బాబూ! పొద్దుట లేత్తే 'నా పేణం తోడేత్తన్నాడు' అంటాదండి. మజ్జిగ పోత్తా కూడా 'ఈ మనిసితో ఏగలేక సచ్చిపోతన్నాను' అనే పోత్తాదండి. ఇరవయ్యేళ్లుగా ఇంటన్నాను. మనసు మాత్తరం ఎన్నపూసండి. ఆయన అన్నానికి రాడం పావుగంట లేటైతే ఈదిలోకొచ్చి నిలబడిపోద్దండి."

అధికారి మనసు గురించి, వీధిలో నిలబడడం గురించి చెప్పినవి తన విచారణ పరిధిలోకి రావు గనక వదిలేసి, మిగతాది వివరంగా ఎక్కించుకున్నాడు. నివేదిక మర్నాటికే తయారైంది. "రోగికి ప్రాణాంతక లక్షణములు ప్రతిదినమూ కలుగుచున్నట్టు పదకొండుమంది ఇరుగుపొరుగువారు ఏకగ్రీవంగా ధ్రువీకరించినారు. కారణము: భర్త. కారణము యొక్క ప్రస్తుత స్థితి: కొనసాగుచున్నది."

ఆరో రోజున భీమశంకరాన్ని మళ్లీ పిలిచారు. ఈసారి సాత్విక్ మూర్తి ముఖంలో పంచదార కొంచెం తగ్గింది.

"మీరు పాలసీ తీసుకున్నప్పుడు తొమ్మిదో ప్రశ్నకు జవాబు రాశారు సర్. 'ఇంటిలో ఆరోగ్యమునకు హాని కలిగించు వస్తువులు గానీ, పరిస్థితులు గానీ కలవా?' అంటే, 'లేవు' అన్నారు. ఆనాటికి మీరు ఇంట్లో ఉన్నారా?"

"లేకపోతే ఎక్కడుంటానండి? నేనే గదా ఆ కాయితం నింపింది."

"ఉన్నట్టు అంగీకరించారు" అని సాత్విక్ మూర్తి గట్టిగా పైకి చదువుతూ రాసుకున్నాడు. "అంటే హానికారకమే స్వయంగా దరఖాస్తు నింపి, హానికారకం లేదని సంతకం చేసింది. ఇలాంటి కేసు మా సంస్థ చరిత్రలో మొదటిది సర్."

భీమశంకరాన్ని పక్క గదిలోకి తీసుకెళ్లారు. కంపెనీ డాక్టరు ఆయన బరువూ ఎత్తూ చూసి, ఒక ప్రశ్నావళి తీశాడు. గురక పెడతారా? ఒక మాట ఎన్నిసార్లు చెబితే పలుకుతారు? కూర బాగుందని చివరిసారిగా ఎప్పుడన్నారు? అబద్ధం రాయడం ఒంటికి పడని మనిషి గనక భీమశంకరం అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. కూర దగ్గర చాలాసేపు ఆలోచించి, గుర్తులేదన్నాడు. చివరికి ఆయన హాని సూచిక నూటికి డెబ్బై నాలుగని తేలింది. "పొగాకు కూడా అరవై దాటదండి" అన్నాడు కంపెనీ డాక్టరు, కాస్త గౌరవంగా.

ఆ సాయంత్రం వార్డులో ఇదంతా చెబితే భ్రమరాంబ పగలబడి నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చి నర్సు పరుగెత్తుకొచ్చింది.

"చూసేరా, మీ సంగతి కంపెనీ వాళ్లకి కూడా తెలిసిపోయింది! ముప్పై ఒక్కేళ్లుగా మొత్తుకుంటుంటే విన్నారా?" అంది ఆవిడ, నర్సు వెళ్లాక.

"నీ నోరేనే మన కొంప ముంచింది" అన్నాడు భీమశంకరం. ఆ మాట విసుగులో వచ్చేసింది. అంత లోతుగా తగులుతుందని ఆయన అనుకోలేదు. భ్రమరాంబ ముఖం చిన్నబోయింది. కాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుని, "ఇంక నోరెత్తనులెండి" అంది.

అన్నట్టుగానే ఎత్తలేదు. మర్నాడు ఆయన తెచ్చిన ఇడ్లీ చల్లారిపోయి రాయిలా ఉంటే, "బావుందండి" అని తినేసింది. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకొచ్చినా ఏమీ అనలేదు. రోగం గురించి పెద్ద డాక్టరు చెప్పినప్పటికంటే, ఆ "బావుందండి" విన్నప్పుడు భీమశంకరానికి ఎక్కువ భయం వేసింది.

ఎనిమిదో రోజున సాత్విక్ మూర్తి జాలిపడి, అధికార హోదాలో కాకుండా మనిషిగా ఒక సలహా ఇస్తానన్నాడు. మనిషిగా ఇవ్వడానికి ముందు గాజు తలుపు వేసి వచ్చాడు.

"కారణాన్ని తొలగిస్తే కంపెనీ పునఃపరిశీలించే అవకాశం ఉంది సర్. అంటే, విడాకులు."

భీమశంకరం కుర్చీలోంచి లేవబోయి, భార్య గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. "తీసుకుంటే ఆపరేషన్ కి ఒప్పుకుంటారాండి?"

"జబ్బు విషయంలో అభ్యంతరం ఉండదు సర్. కాకపోతే విడాకులయ్యాక ఆవిడ మీ కుటుంబం కారు. 'నిశ్చింత కుటుంబం' ఆవిడకు వర్తించదు."

"అంటే... భార్యగా ఉన్నంతకాలం జబ్బు ముందునుంచీ ఉన్నది. భార్య కాకపోతే పాలసీయే లేదు."

"చాలా త్వరగా గ్రహించారు సర్" అన్నాడు సాత్విక్ మూర్తి, మనస్ఫూర్తిగా. "కొంతమందికి మూడేసి ఉత్తరాలు రాయాల్సి వస్తుంది."

ఇక మిగిలింది కంపెనీ వారి అత్యున్నత ఫిర్యాదుల పరిష్కార సంఘం. తొమ్మిదో రోజు ఉదయం ముగ్గురు సభ్యులు పొడుగాటి బల్ల వెనక కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుల వారు. ఆయన ప్రతి వాక్యాన్నీ శిలాశాసనం చెక్కిస్తున్నట్టు నెమ్మదిగా, కర్మణి ప్రయోగంలో మాట్లాడేవారు. ఆయన మాటల్లో ఎవరూ ఏ పనీ చెయ్యరు. అన్ని పనులూ వాటంతట అవే చేయబడుతుంటాయి.

"ఫిర్యాదుదారుచే చెప్పబడవలసినది ఏమైనా మిగిలియున్నదా?"

భీమశంకరం రాత్రంతా ఆలోచించి రాసుకొచ్చిన అర్జీ నాలుగు పేజీలుంది. అందులో "ఇందుమూలముగా", "తత్సంబంధముగా" అన్నీ ఉన్నాయి. తీరా లేచి నిలబడ్డాక అవేవీ చదవాలనిపించలేదు.

"అయ్యా, ఇంక మూడ్రోజులే ఉందండి. నాకు మీ రూల్సు మీద గొడవ లేదు. జబ్బు నా వల్లే వచ్చిందని మీరంటే అలాగేనండి, ఒప్పుకుంటాను. నన్ను తీసెయ్యండి, ఆవిణ్ణి బతికించండి" అన్నాడు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

సభ్యులు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక మినహాయింపు తనంతట తానుగా వచ్చి, నన్ను చేర్చుకోండి అని అడగడం వాళ్లెరగరు. గంటసేపు మంతనాలు జరిగాయి. తీర్పు వెలువడింది.

"సదరు భర్త పాలసీలోని శాశ్వత మినహాయింపుల జాబితాలో నలభై ఒకటవ అంశముగా, యుద్ధము, అణుధార్మికత, పర్వతారోహణముల తరువాత చేర్చబడినాడు. సదరు వివాహము ప్రీమియం నిమిత్తము అమలులో ఉన్నట్టును, క్లెయిము నిమిత్తము అమలులో లేనట్టును భావించబడును. కావున శస్త్రచికిత్సకు అనుమతి ఇవ్వబడినది. చికిత్సాకాలము ముగియువరకు సదరు కారణము ఆసుపత్రి ప్రాంగణములో కనిపించరాదు. కనిపించినచో అనుమతి తక్షణమే రద్దు చేయబడును."

భీమశంకరం చేతులు జోడించాడు. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వక, "అయ్యా, ప్రాంగణానికి హద్దులు రాయలేదండి. హద్దులు లేని ఆర్డరు రేపు తగాదాకొస్తుంది" అన్నాడు. అధ్యక్షుల వారు సంతోషించి ఆయన్నే చెప్పమన్నారు. తూర్పున నర్సుల హాస్టలు ప్రహరీ, దక్షిణాన పంట కాలువ, పడమర మెయిన్ రోడ్డు, ఉత్తరాన మెడికల్ షాపుల వరస అని, ఈ నడుమ గల స్థలంలో తాను కనిపించకూడదని భీమశంకరం దగ్గరుండి రాయించాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఇంత సహకరించిన పాలసీదారును తాము చూడలేదని మూడో సభ్యుడు లేచి వచ్చి చెయ్యి కలిపాడు.

పడమటి హద్దు అవతల టీ కొట్టు ఉంది. భీమశంకరం అక్కడ బల్ల మీద మకాం పెట్టాడు. రోడ్డుకు అటు ఆసుపత్రి గేటు, గేటు దగ్గర సెక్యూరిటీ సత్తిబాబు, సత్తిబాబు బల్లకు అతికించిన భీమశంకరం ఫోటో. కంపెనీ వారే రంగుల్లో వేయించి పంపారు. సత్తిబాబు మంచివాడు. డ్యూటీ దిగాక టీకి వచ్చి, "ఫోటోలో కన్నా బయటే బావున్నారండి" అని పలకరించేవాడు.

పదకొండో రోజు ఉదయం ఆపరేషన్ అన్నారు. ఎనిమిది గంటలకు మేరీ సుహాసిని ఫైలు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది.

"ఆపరేషన్ కి ఒప్పుదల సంతకం కావాలండి. మీవాళ్లింకెవరూ లేరు గదా. బయటే పెట్టండి, ఫరవాలేదు. ఇక్కడ రోగికీ మీకూ సంబంధం అనే చోట మాత్రం భర్త అని రాయకండి."

"మరేం రాయనమ్మా?"

"అది నేను చెప్పకూడదండి. రాసేది మీరు."

భీమశంకరం బల్ల మీద కాయితం పెట్టుకున్నాడు. ఎన్ని వేల కాయితాల మీద ఎంతమంది సంబంధాలు రాశాడు! ఫలానావారి కుమారుడు, ఫలానావారి భార్య, వారసుడు, దత్తుడు. ఇవాళ కలం కదలడం లేదు. అవతల ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించడానికి మనుషులు కాచుకుని ఉన్నారు. చివరికి "పాలసీదారు" అని రాసి, కింద సంతకం పెట్టాడు. మేరీ సుహాసిని చదివి, "కరెక్టుగా రాసేరండి, దీనికెవరూ అభ్యంతరం పెట్టలేరు" అని, ఆయన మొహం కేసి చూడకుండా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి కబురొచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. భీమశంకరం టీ కొట్టులో ఉన్న అందరికీ టీ ఇప్పించి, తనది తాగడం మరిచిపోయాడు.

మర్నాడు పొద్దెక్కాక మేరీ సుహాసిని మళ్లీ రోడ్డు దాటింది. ఈసారి చేతిలో ఫైలు లేదు.

"ఆవిడకి మెలకువొచ్చిందండి. కానీ నొప్పుందా అంటే లేదంటన్నారు. ఎన్నిసార్లడిగినా అదే మాట. రొమ్ము ఎముక కోసి కుట్టిన మనిషికి నొప్పి లేకపోవడమేంటండి! పళ్లు బిగపట్టుకుని పడుకున్నారు, దిండంతా తడిసిపోయింది. ఊపిరి గట్టిగా తియ్యమంటే తియ్యట్లేదు, తీస్తే నొప్పి పైకి కనబడతాదని. అలా తియ్యకపోతే ఊపిరితిత్తులు పట్టేస్తాయంటన్నారు డాక్టరు గారు. ఇంజెక్షన్ ఇవ్వాలన్నా ఆవిడ చెప్పాలి, సిస్టరు రాసుకోవాలి గదా. 'నేనేం చెప్పినా రాసేసుకుంటారు, మళ్లీ ఆయన్ని పట్టుకుంటారు, నాకే నొప్పీ లేదు' అంటన్నారండి. ఒక చీటీ రాసివ్వండి, చూపిస్తాను."

భీమశంకరం చెయ్యి అలవాటుగా జేబులోని కలం మీదికి వెళ్లింది. వెళ్లి, ఊరికే తిరిగొచ్చేసింది.

ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. "ఏవండీ, ఎక్కడికండీ?" అని మేరీ సుహాసిని వెనకనుంచి కేకేసింది. తానే దగ్గరుండి రాయించిన పడమటి హద్దును లారీలకీ ఆటోలకీ అడ్డంపడి దాటాడు.

గేటు దగ్గర సత్తిబాబు కంగారుగా లేచాడు. ఒకసారి బల్ల మీది ఫోటో వైపు, ఒకసారి మనిషి వైపు చూశాడు.

"రైటరు గారూ, వద్దండి. లోపలికెళ్తే రిజిస్టర్లో రాయాలండి. అది కంపెనీకి ఎల్లిపోద్ది. మీరెనక్కెల్లిపొండి, నేను మిమ్మల్ని చూళ్లేదు."

"చూసేవు. రాయి."

"ఏంటని రాయమంటారండి? పేషెంటుకి ఏమవుతారని?"

"మొగుణ్ణి" అన్నాడు భీమశంకరం. ఆ గొంతుకు గేటు దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూశారు. "ఆవిడ మొగుణ్ణి. రాసుకో."

సత్తిబాబు కలం వెతుక్కునేలోగా ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు.